మామిడిచెట్టు మీది బదనిక: కొమ్మకు అందం, చెవికి చేటు

"మా పెరట్లో మామిడిచెట్టు మీద బదనిక మొలిచింది. అదే రాస్న అట. దాని వేరు కషాయం తాగితే కీళ్ళవాతం పోతుందనీ, ఆకు పసరు చెవిలో పిండితే చీము కారడం ఆగుతుందనీ పెద్దవాళ్ళు చెబుతున్నారు. వాడవచ్చునా?"

ఎండలు ముదిరి బదనికలు పూతకు వచ్చే రోజుల్లో ఏ డాక్టరుకైనా ఇటువంటి ప్రశ్నలు ఎదురవుతూనే ఉంటాయి. పెరటిచెట్టు మందుకు పనికిరాదని మనకు సామెత ఉంది. అయినా పెరటిచెట్టును వదిలిపెట్టేవారు తక్కువ. అడిగిన వారిని తప్పుపట్టడానికి లేదు. ఆ మొక్కకు మన దేశంలో చాలా పాత వైద్య చరిత్రే ఉంది. దాని పేరు చుట్టూ పెద్ద గందరగోళమూ ఉంది. ఆ గందరగోళంలో పడి కీళ్ళు వంకరపోయినవారినీ, చెవుడు తెచ్చుకున్నవారినీ ప్రభుత్వాసుపత్రి ఓ.పి.లో మేము చూస్తూనే ఉంటాము. అందుచేత ఈ వారం ఈ మొక్క సంగతే వివరంగా చెప్పుకుందాం. అది ఏమిటి, ఎక్కడ పెరుగుతుంది, దేనికి పనికివస్తుంది, దేనికి రాదు, ఇంట్లో పెంచుకోవాలంటే ఎలా పెంచాలి - అన్నీ చూద్దాం.

బదనికలు రెండు రకాలు

చెట్టు మీద మొలిచిన ప్రతి పరాయి మొక్కనూ మనవాళ్ళు బదనిక అనే అంటారు. కాని వీటిలో రెండు తెగలున్నాయి. రెంటికీ దొంగకూ అతిథికీ ఉన్నంత తేడా ఉంది.

మొదటి తెగ నిజమైన పరాన్నజీవి. గుబురుగా, పచ్చని దళసరి ఆకులతో, నారింజ ఎరుపు కలిసిన గొట్టాల్లాంటి పూలతో మామిడికొమ్మల మీద కనబడుతుంది. దాని జిగురు పండును పిట్టలు తిని, ముక్కుకు అంటుకున్న గింజను కొమ్మకేసి రాస్తాయి. ఆ గింజ మొలిచి, వేరును కొమ్మలోకి దించి, చెట్టు తాగే నీరునూ లవణాలనూ లాగేస్తుంది. కొమ్మ ఎండిపోతుంది. దీన్ని కోసిపారెయ్యడమే మంచిది.

రెండో తెగ ఆర్కిడ్ జాతి మొక్క. దీని శాస్త్రనామం వాండా టెస్సలేటా. దీని ఆకులు పట్టీల్లాగా పొడుగ్గా, దళసరిగా, మధ్యలో మడత పెట్టినట్లు ఉంటాయి. జానెడు దాకా పొడవుండే ఈ ఆకులు కాండానికి రెండువైపులా ఒకదాని మీద ఒకటి పేర్చినట్లు వస్తాయి. ఆకు చివర ఎవరో కొరికినట్లు గంట్లు ఉంటాయి. తెల్లగా, చిటికెన వేలంత లావున్న వేళ్ళు కొన్ని బెరడును పట్టుకుని ఉంటే, మరికొన్ని గాలిలో వేలాడుతూ ఉంటాయి. ఎండాకాలం మొదలు తొలకరి దాకా పూస్తుంది. ఒక్కొక్క గెలకు ఐదారు మొదలు పదీ పన్నెండు పూలు. పసుపు ఆకుపచ్చ కలిసిన రెక్కల మీద గోధుమరంగు గళ్ళు, తెల్లని అంచు, మధ్యలో ఊదారంగు నాలుక. మంచి వాసన కూడా ఉంటుంది.

ఈ మొక్క చెట్టు రసం ఒక్క చుక్క కూడా తాగదు. కొమ్మను ఆసరాగా మాత్రమే వాడుకుంటుంది. రైలులో కిటికీ పక్క సీటు దొరికిన ప్రయాణికుడి మాదిరి వెలుగుకోసం ఎత్తున కూర్చుంటుంది, అంతే. రెండూ బదనికలే కదా అని రెంటినీ కలిపి నరికించేవారు అనవసరంగా ఒక మంచి మొక్కను పోగొట్టుకుంటున్నారు.

గాలిలో బతికే విద్య

మట్టి లేకుండా ఇది ఎలా బతుకుతుందని మీరు అడగవచ్చు. దీని వేరు మీద స్పాంజివంటి తెల్లని పొర ఉంటుంది. వాన చినుకు పడ్డా, మంచు కురిసినా ఆ పొర క్షణాల్లో తడిని పీల్చుకుంటుంది. అప్పుడు లోపలి పచ్చదనం బయటికి కనబడి వేరు ఆకుపచ్చగా మారుతుంది. ఆరితే మళ్ళీ తెల్లబడుతుంది. బెరడు మీద పట్టిన దుమ్మూ, కుళ్ళిన ఆకుల పొడీ వానలో కరిగి వచ్చే లవణాలే దీనికి ఎరువు. పైగా ఇది పగటి ఎండలో ఆకుల రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుచుకుంటుంది. నీటిని పొదుపు చెయ్యడంలో దీన్ని మించినది లేదు. మన రోహిణికార్తె ఎండలకు కూడా తట్టుకోగలగడానికి అదే కారణం.

మన దేశంలో చాలా ప్రాంతాల్లోనూ, శ్రీలంక, బర్మాలలోనూ ఇది పెరుగుతుంది. మనకు తూర్పు కనుమల వెంట, గోదావరికి అటూ ఇటూ ఉన్న అడవుల్లో కనబడుతుంది. అడవిలోనే ఉండాలనీ లేదు. పాత మామిడితోపుల్లో, ఊరి చివరి చింతల మీద కూడా ఉంటుంది. గరుకు బెరడు, పలచని నీడ, గాలి - ఈ మూడూ ఉంటే చాలు.

కాని ఒక్క విషయంలో మాత్రం ఇది చాలా బలహీనం. దీని కాయలో లెక్కకు అందనన్ని గింజలుంటాయి. పిండికన్నా సన్నం. అంత సన్నని గింజలో పిల్లమొక్కకు చాలినంత ఆహారం ఉండదు. బెరడు మీద ఉండే ఒకరకం బూజు ఆ గింజలోకి ప్రవేశించి ఆహారం అందిస్తే తప్ప మొలవదు. లక్షల్లో ఏ ఒక్కటో రెండో మొలుస్తాయి. మొలిచినది పూతకు రావడానికి మళ్ళీ నాలుగైదేళ్ళు పైనే పడుతుంది. ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. వేరుమందు కోసం ఒక్క గుబురును లాగేస్తే దాని స్థానంలో ఇంకొకటి రావడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

సామర్లకోట కీర్తి

ఈ మొక్కను ప్రపంచానికి శాస్త్రీయంగా పరిచయం చేసిన మనిషికీ మన తెలుగుదేశానికీ దగ్గర సంబంధం ఉంది. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాచి డాక్టరు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా సామర్లకోటలో ఉండి, గోదావరి ప్రాంతపు మొక్కలను పరిశీలించి, ఇక్కడి చిత్రకారులచేత వాటి బొమ్మలు గీయించాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్ళాడు. ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గురించి వ్రాసిన గ్రంథం 1795 నుంచి లండన్‌లో భాగాలుగా అచ్చయింది. మన బదనిక అందులో ఉంది. పూరెక్కల మీద గళ్ళు చూసి దానికి 'గళ్ళది' అనే అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టాడు. ఆ టెస్సలేటా అనే మాటే నేటికీ నిలిచింది. వాండా అనేది మన సంస్కృతపు మాటే. ఆ పేరును శాస్త్రానికి ఎక్కించినవాడు కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీని స్థాపించిన సర్ విలియం జోన్స్. ఇవాళ పూలదుకాణాల్లో ఖరీదుగా అమ్మే వాండా జాతి పూలన్నింటికీ ఇంటిపేరు మన దేశపుదే.

ఇంతకూ రాస్న ఏది?

రాస్న అంటే వేసవిలో పిల్లలు తాగే రంగునీళ్ళు కాదు. ఆయుర్వేదంలో వాతరోగాలకు ఎంతో పేరున్న మందు. మహారాస్నాది కషాయం పేరు వినని ఇల్లుండదు. అయితే ఆ రాస్న ఏ మొక్క అన్నదగ్గరే చిక్కు వచ్చింది. బెంగాల్ వైపు ఈ వాండా వేళ్ళనే రాస్నగా వాడుతూ వచ్చారు. దక్షిణాదిలో, ముఖ్యంగా కేరళలో, అల్లం కుటుంబానికి చెందిన దుంపరాష్ట్రం జాతిని రాస్న అంటారు. ఉత్తరాదిలో చేలగట్ల మీద పెరిగే ప్లూకియా లాన్సియోలేటా అనే పొద మొక్క ఆకును వాడతారు. భారత ప్రభుత్వం వెలువరించిన ఆయుర్వేద ఔషధ ప్రమాణ గ్రంథం ఈ మూడోదాన్నే రాస్నగా తీసుకుంది.

ఆర్కిడ్, అల్లం జాతి దుంప, పొద - ఈ మూడింటికీ చుట్టరికం ఏమీ లేదు. వాటిలో ఉండే పదార్థాలూ వేరే. కనుక "రాస్న మంచిది" అని గ్రంథంలో ఉంటే, మీ మామిడిచెట్టు మీది మొక్క మంచిదని దాని అర్థం కాదు. సీసా మీద ఉన్న రాస్న వేరు, పెరట్లో ఉన్నది వేరు కావచ్చు.

వాండా సారం ఇచ్చినప్పుడు ప్రయోగశాలలో ఎలుకలకు వాపులు తగ్గినట్లు పరిశోధకులు చూపిన మాట నిజమే. దాన్ని కాదనడంలేదు. అయితే ఎలుక పాదం వాపు ఒకటి, మనిషికి ఏళ్ళతరబడి ఉండే కీళ్ళజబ్బు ఇంకొకటి. ఎంత మోతాదు ఇవ్వాలి, ఎన్నాళ్ళు ఇవ్వాలి, కాలేయానికీ మూత్రపిండాలకూ ఏమవుతుంది, గర్భిణికి ఇవ్వవచ్చునా - ఇవన్నీ తేలితేగాని ఒక ఆకు మందు అనిపించుకోదు. ఆ దశకు ఈ మొక్క ఇంకా రాలేదు.

కీళ్ళనొప్పులన్నీ ఒకటి కావు

అసలు ప్రమాదం కషాయం తాగడంలో కన్నా, కషాయం తాగుతూ కాలం గడపడంలో ఉంది. కీళ్ళనొప్పి అనేది ఒక జబ్బు కాదు. చాలా జబ్బులకు లక్షణం. ముఖ్యమైన మూడింటిని చెబుతాను.

మొదటిది, వయసుతో వచ్చే కీళ్ళ అరుగుదల. యాభై దాటినవారికి, ఒళ్ళు బరువైనవారికి మోకాళ్ళు నొప్పిచేస్తాయి. కూర్చుని లేచేటప్పుడు బాధ ఎక్కువ, కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. బరువు తగ్గడం, తొడ కండరాలకు వ్యాయామం, బాసిపట్టు వేసుకుని కూర్చోవడం మానుకోవడం - ఇవే దీనికి ముఖ్యమైన చికిత్స. కుర్చీలో కూర్చుని, కాలు చాచి, పది లెక్కపెట్టేదాకా అలాగే ఉంచి దించండి. ఒక్కొక్క కాలికి పదిసార్ల చొప్పున ఉదయం, సాయంత్రం చెయ్యండి. దీనికి పైసా ఖర్చు లేదు.

రెండోది, గౌట్. ఇది ఎక్కువగా మగవారికి వస్తుంది. రాత్రికి రాత్రి కాలి బొటనవేలి కీలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి పుడుతుంది. రక్తంలో యూరిక్ ఆసిడ్ ఎక్కువ కావడం దీనికి మూలం. నాలుగైదు రోజుల్లో తనంతట తానే తగ్గుతుంది కనుక, అప్పుడు ఏ పసరు వేసినా దానికే పేరు వస్తుంది!

మూడోది అసలు భయపడవలసినది. రుమటాయిడ్ ఆర్థరైటిస్. ముప్ఫై నుంచి యాభై ఏళ్ళ మధ్య ఆడవారిలో ఎక్కువ. రెండు చేతుల వేళ్ళ కీళ్ళు, మణికట్లు వాస్తాయి. పొద్దున్న లేవగానే చేతులు బిగుసుకుపోయి, గంటసేపటిదాకా జడ అల్లుకోలేరు, కాఫీగ్లాసు పట్టుకోలేరు. నీరసం, కొద్దిపాటి జ్వరం ఉంటాయి. ఈ జబ్బు కీలు లోపలి ఎముకను కొరుక్కుతింటుంది. మొదటి కొద్ది నెలల్లోనే సరైన మందు మొదలుపెడితే వేళ్ళు వంకరపోకుండా ఆపవచ్చు. ఒకసారి వంకరపోయిన వేలిని ఏ మందూ తిన్నగా చెయ్యలేదు. మెథోట్రెక్సేట్ అనే మాత్ర దీనికి ముఖ్యమైన మందు. దాన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. గర్భవతులు, గర్భం కోరుకునేవారు ఇది అసలు వాడకూడదు. రక్తపరీక్షలు చేయించుకుంటూ డాక్టరు పర్యవేక్షణలోనే వాడవలసిన మందు.

కనుక ఆరువారాలు దాటి కీళ్ళ వాపు ఉంటే కషాయాల దగ్గర ఆగకండి. రక్తపరీక్షలు చేయించుకోండి. ఆ నెలలు తిరిగిరావు.

పొట్లంలో ఏముంది?

పేరులేని పొడులు, మాత్రలు 'రాస్న మందు', 'వాతం మందు' అంటూ సంతల్లో, తిరునాళ్ళలో, బస్టాండుల దగ్గర అమ్ముతారు. వేసుకున్న మూడోరోజుకే నొప్పులు మాయమవుతాయి. నడవలేని మనిషి లేచి నడుస్తుంది. అదే అనుమానించవలసిన విషయం. వేరుపొడి ఏదీ అంత వేగంగా పనిచెయ్యదు. ఇటువంటి పొడుల్లో చాలాసార్లు డెక్సామెథసోన్, ప్రెడ్నిసలోన్ వంటి స్టీరాయిడ్ మందులు కలిపి ఉంటాయి.

ఒక నడివయసు ఇల్లాలిని ఆమె కొడుకు ఆసుపత్రికి మోసుకువచ్చాడు. ఏడాదిగా ఒక పొట్లం పొడి వాడుతోంది. ముఖం పున్నమి చంద్రుడిలా గుండ్రంగా ఉబ్బింది. మెడ వెనక కొవ్వు చేరింది, చర్మం కాగితంలా పలచబడింది. రక్తంలో చక్కెర మూడువందలు దాటింది. అమ్మేవాడు రాక నాలుగురోజులు పొడి ఆగేసరికి వాంతులు, రక్తపోటు పడిపోవడం, స్పృహ తప్పడం. స్టీరాయిడ్ ఎక్కువకాలం వాడితే, శరీరంలో అటువంటి రసాన్ని సహజంగా తయారుచేసే గ్రంథులు పని మానేస్తాయి. అప్పుడు హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. సకాలంలో తీసుకువచ్చారు గనుక ఆమె బతికి బయటపడింది.

మీలో ఎవరైనా ఇటువంటి పొడి నెలలతరబడి వాడుతూ ఉంటే, ఈ వ్యాసం చదివి భయపడి రేపటినుంచి మానెయ్యకండి. ఆ పొట్లం వెంట తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళండి. దాచకుండా చెప్పండి. మెల్లమెల్లగా తగ్గించుకుంటూ మాన్పించాలి.

ఆయుర్వేదం వాడదలచుకుంటే చదువుకున్న, రిజిస్టరైన ఆయుర్వేద వైద్యుడి దగ్గరకే వెళ్ళండి. సీసా మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, కలిపిన దినుసుల పేర్లు ఉండాలి. లేబులు లేని మందు ఎవరు ఇచ్చినా పుచ్చుకోవద్దు. వైద్యంలో తేడాలున్నా లేబుల్ విషయంలో మాత్రం తేడా ఉండకూడదు.

చెవిలో పసరు

ఇక రెండో అలవాటు, చెవిలో ఆకు పసరు పిండడం. బదనిక ఆకును సెగ చూపించి, నలిపి, రసాన్ని చెవిలో వేసే ఆచారం చాలా ప్రాంతాల్లో ఉంది. పిల్లవాడు రాత్రివేళ చెవిపోటుతో గోలపెడుతుంటే తల్లికి ఏదో ఒకటి చెయ్యాలనిపించడం సహజమే. కాని చెవిలోపల ఏం జరుగుతోందో ఆలోచించండి.

జలుబు చేసినప్పుడు ముక్కులోని సూక్ష్మజీవులు సన్నని గొట్టం ద్వారా మధ్యచెవికి చేరతాయి. అక్కడ చీము పట్టి, కర్ణభేరి మీద ఒత్తిడి పెరిగి, పోటు పుడుతుంది. చివరికి కర్ణభేరికి చిల్లుపడి చీము బయటికి వస్తుంది. చీము కారగానే పోటు తగ్గుతుంది. సరిగ్గా ఆ సమయానికి పసరు పోసి ఉంటే పసరే తగ్గించిందంటారు! నిజానికి ఆ పసరు చిల్లుగుండా తిన్నగా మధ్యచెవిలోకి పోయింది. ఆకు మీది దుమ్మూ, బూజుగింజలూ, బెరడు మీది సూక్ష్మజీవులూ దాంతోపాటే పోయాయి. అంతవరకూ ఒక జబ్బు ఉంటే, ఇప్పుడు రెండు. చెవిలో నల్లగా, తెల్లగా బూజు పట్టి దురదతో వచ్చేవారిలో నూనెలు, పసర్లు పోసుకున్నవారే చాలామంది.

చీము కారుతున్న చెవికి ఇంట్లో మీరు చెయ్యవలసినది ఒక్కటే: పొడిగా ఉంచడం. శుభ్రమైన మెత్తని నూలుగుడ్డను వత్తిలాగా చేసి చెవిలో పెట్టండి. తడిశాక తీసి, కొత్తది పెట్టండి. పొడి వత్తి వచ్చేదాకా ఇలా చెయ్యండి. రోజుకు మూడుసార్లు. అగ్గిపుల్ల, పిన్నీసు, హెయిర్‌పిన్ను పెట్టకండి. స్నానంలో నీళ్ళు పోకుండా చూడండి. చెరువులో, కాలువలో ఈత మాన్పించండి. డాక్టరుకు చూపించి, ఆయన వ్రాసిన చుక్కలే వెయ్యండి. పసిపిల్లలకు పడుకోబెట్టి సీసాపాలు పట్టకండి. అది చెవిజబ్బులకు దారితీస్తుంది.

చెవి వెనక వాపు, తీవ్రమైన జ్వరం, వాంతులు, కళ్ళు తిరగడం, మూతి వంకరపోవడం - వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ రాత్రికి రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. చీము ఎముకకూ, మెదడు పొరలకూ పాకుతోందన్నమాట. ఇక చీము దుర్వాసన కొడుతూ నెలలతరబడి కారుతుంటే, అది చెవి ఎముకలను తినివేసే జబ్బు కావచ్చు. దానికి ఆపరేషనే మార్గం. బడిలో పిల్లవాడు పాఠం సరిగా వినడంలేదని మాస్టరు ఫిర్యాదు చేస్తే, చెంపదెబ్బ కొట్టేముందు చెవి చూపించండి. వినకపోవడం వేరు, వినబడకపోవడం వేరు.

తేలుకుట్టినా, పాము కరిచినా

ఈ బదనికను తేలుకాటుకూ, పాముకాటుకూ కూడా కడతారు. పాముకాటుకు సీరం ఇంజెక్షన్ తప్ప వేరే విరుగుడు లేదు. అది ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. కాటు పడిన కాలు కదలకుండా పడుకోబెట్టి తీసుకురండి. గట్టిగా తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం చెయ్యకండి. ఎర్రతేలు కుట్టిన పిల్లలకు చెమటలు పట్టి, చేతులు కాళ్ళు చల్లబడి, గుండె దెబ్బతింటుంది. మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊళ్ళో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాజోసిన్ అనే చవక మాత్ర ఆ ప్రాణాలను కాపాడగలదని ప్రపంచానికి చూపించారు. ఆ మాత్ర వేళకు పడాలంటే మీరు వేళకు రావాలి. ఆకు వెతకడానికి పోయిన అరగంట చాలు, కొంప మునగడానికి.

అందంగా పెంచుకోండి

మందుగా వద్దన్నాను కదా అని ఈ మొక్కను దూరం పెట్టకండి. ఇంటి ముందు పూసే మొక్కగా దీనికి సాటిలేదు. మన ఎండలకు తట్టుకునే ఆర్కిడ్ ఇది. ఆస్తమా ఉన్నవారు పూలమొక్కలంటే భయపడతారు. ఆర్కిడ్ పుప్పొడి పొడిపొడిగా గాలిలో ఎగరదు, చిన్నచిన్న ముద్దలుగా అంటుకుని ఉంటుంది. కనుక దాని వల్ల ఆయాసం వస్తుందన్న భయం అక్కరలేదు.

మీ చెట్టు మీదే ఉంటే దాన్ని అక్కడే ఉండనివ్వండి. కదపవద్దు. లేనివారు నర్సరీలో పెంచిన మొక్క కొనండి. గాలివానకు విరిగిపడిన కొమ్మల మీద, రోడ్డు వెడల్పు చెయ్యడానికి కొట్టేసిన చెట్ల మీద ఉన్న మొక్కలు ఎలాగూ ఎండిపోయేవే. అటువంటివాటిని అక్కడివారి అనుమతితో తెచ్చుకోవచ్చు. వేళ్ళను లాగకుండా, బెరడుతో సహా చెక్కి తీయండి.

మట్టి కుండీలో మట్టి నింపి నాటితే పదిహేను రోజుల్లో కుళ్ళిపోతుంది. గరుకు బెరడున్న చెట్టుకు, తూర్పువైపున, కొబ్బరిపీచు కొంచెం పెట్టి నూలుగుడ్డ పేలికతోనో, జనపనారతోనో కట్టండి. తీగ వాడవద్దు, కోసుకుపోతుంది. చెట్టు లేనివారు కొయ్యపలకల బుట్టలోనో, చిల్లులున్న కుండీలోనో బొగ్గుముక్కలు, ఇటుకముక్కలు, కొబ్బరిడొప్ప ముక్కలు వేసి కూర్చోబెట్టి, వరండాలో వేలాడదీయండి. పొద్దుటి ఎండ తగలాలి. మధ్యాహ్నపు ఎండకు పలచని నీడ ఉండాలి. గాలి ఆడాలి.

నీళ్ళకు గడియారం అక్కరలేదు. వేరే చెబుతుంది. తెల్లగా ఉంటే పొయ్యండి, ఆకుపచ్చబడగానే ఆపండి. వేసవిలో ఉదయం, సాయంత్రం. వానాకాలంలో వాన లేనిరోజు మాత్రమే. వాననీరు శ్రేష్ఠం. మొవ్వులో నీరు నిలిస్తే కుళ్ళుతుంది కనుక రాత్రివేళ పొయ్యకండి. ఎదిగే రోజుల్లో పందొమ్మిది-పందొమ్మిది-పందొమ్మిది అని దుకాణాల్లో అమ్మే ఎరువు లీటరు నీటికి ఒక గ్రాము కలిపి వారానికొకసారి చల్లండి. ఎక్కువ వేస్తే వేళ్ళ చివర్లు మాడతాయి. పెంకుపురుగులు పడితే తడిగుడ్డతో తుడిచెయ్యండి.

డాక్టరుగా ఒక్క హెచ్చరిక. తేమ కోసమని కొందరు బుట్టల కింద పళ్ళేల్లో నీళ్ళు పోసి ఉంచుతారు. డెంగ్యూ దోమకు అదే పురిటిగది. పువ్వు కోసం జ్వరం తెచ్చుకోకండి. పళ్ళెం పెట్టవద్దు.

వేరు తవ్వినవాడికి దక్కేదెంత?

1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ అనే శాస్త్రజ్ఞుడు బూజు సాయం లేకుండానే, చక్కెర కలిపిన పోషకద్రవంలో ఆర్కిడ్ గింజలను సీసాలో మొలిపించవచ్చునని చూపించాడు. ఆ పద్ధతి పెరిగి పెద్దదై, ఇవాళ ప్రయోగశాలల్లో వేలకొద్దీ పిల్లమొక్కలు తయారవుతున్నాయి. కనుక అడవి మొక్కను దోచవలసిన అవసరం లేదు. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా మొక్కలు పీకడం నేరం. ఆర్కిడ్ల అంతర్జాతీయ వ్యాపారం మీద కూడా సైటిస్ ఒప్పందం అదుపు ఉంది. అయినా నొప్పి ఉన్న మనిషి ఆశ మీద ఆధారపడి వేరు వ్యాపారం సాగుతూనే ఉంది. మనం కొనడం మానితేనే అది ఆగుతుంది.

చివరిగా మీరు గుర్తుంచుకోవలసినవి:

1. చెట్టు మీది ప్రతి బదనికా చెట్టుకు శత్రువు కాదు. గళ్ళపూల ఆర్కిడ్‌ను నరికించకండి.

2. రాస్న పేరుతో మూడు వేర్వేరు మొక్కలున్నాయి. పేరు విని ఇంట్లో కషాయం కాచుకోకండి.

3. ఆరువారాలు దాటిన కీళ్ళవాపుకు, గంటసేపు వదలని పొద్దుటి బిగువుకు వెంటనే పరీక్ష అవసరం.

4. లేబులు లేని పొడి కొనకండి. ఇప్పటికే వాడుతుంటే ఉన్నపళాన మానకండి, డాక్టరుకు చూపించండి.

5. చెవిలో పసరు, నూనె, వెచ్చచేసిన రసం - ఏదీ పొయ్యవద్దు. చీమును పొడి వత్తితో తీసి డాక్టరుకు చూపించండి.

ఈ వేసవిలో మీ మామిడిచెట్టు మీద ఆ గెల పూస్తే పిల్లలను పిలిచి చూపించండి. పొద్దుటిపూట దగ్గరగా నిలబడి వాసన చూడమనండి. ఆకు మాత్రం తెంపనివ్వకండి.